నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ మూడు విడతలు పూర్తయ్యాయి. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందంటోంది. రెండు నెలల్లో బరువు 58 కిలోల నుంచి 54కు తగ్గింది. తేలిగ్గా అరుగుతాయని చారన్నం, పల్చని జావ, మజ్జిగ ఇస్తున్నాం. ఇంకొక్క ముద్ద తినమంటే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ అమ్మగారు మొండికేయడం లేదని ముందుగా ఇంట్లో అందరూ గ్రహించాలి. జబ్బు, మందులు కలిసి ఆకలిని మందగింపజేస్తాయి. కొందరిలో జీర్ణాశయం ఖాళీ కావడం కూడా ఆలస్యమవుతుంది కాబట్టి, పొద్దున తిన్నది లోపల ఉండగానే మధ్యాహ్నం కంచం ఎదురవుతుంది.

మీరు పెడుతున్న పథ్యం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే, రెండు రోజుల జ్వరానికి సరిపోయేదే. కానీ నెలల తరబడి సాగే చికిత్సలో చారు, పల్చని మజ్జిగ ఉన్న కాస్త చోటునూ నీటితో నింపేసి, బలమిచ్చే ఆహారానికి జాగా లేకుండా చేస్తాయి. ముద్దపప్పులో చెంచా నెయ్యి కలిపితే పరిమాణం పెరగకుండానే సుమారు 45 కేలరీలు చేరతాయి. జావను పాలతో కాచి పాలపొడి కలపండి. ఇడ్లీకి పల్లీ చట్నీ చిక్కగా చేయండి. బాగా ఉడికించిన ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. వేపుళ్లు మాత్రం వద్దు, ఒకేసారి ఎక్కువ నూనె పడితే కడుపు ఇంకా నెమ్మదిస్తుంది. మధుమేహమో, కిడ్నీ జబ్బో ఉంటే ఈ మార్పులకు ముందు ఆసుపత్రిలోని డైటీషియన్‌ను అడగాలి.

మూడు పూటల భోజనాన్ని రెండు గంటలకోసారి చిన్న గిన్నెలోకి మార్చండి. చాలామందికి ఉదయం ఆకలి కాస్త మెరుగ్గా ఉంటుంది కనుక బలమైనది అప్పుడే పెట్టండి. నీళ్లు భోజనంతో కాకుండా మధ్య వేళల్లో ఇవ్వండి, రోజు మొత్తంలో మాత్రం తగ్గనీయకండి. తిన్నాక వెంటనే పడుకోనివ్వవద్దు.

నాలుగు కిలోలంటే ఆమె బరువులో దాదాపు 7 శాతం. తర్వాతి విడత దాకా ఆగకుండా ఈ సంగతి క్యాన్సర్ వైద్యునికి ఇప్పుడే చెప్పండి. మలబద్ధకం, నోటిపూత, వికారం ఉన్నాయేమో చూడండి, వీటిలో ఏదైనా ఆకలిని చంపేస్తుంది, దేనికైనా చికిత్స ఉంది. దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చి వేయకండి. ఆగని వాంతులు, మింగలేకపోవడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక బతిమాలడం మానేయండి. గిన్నె ఆమె చేతికందే చోట పెట్టి, పక్కన కూర్చుని తిండి ఊసెత్తకుండా వేరే కబుర్లు చెప్పండి. మిగిల్చినా ఏమీ అనకుండా తీసేసి, రెండు గంటల తర్వాత మళ్లీ పెట్టండి.