గ్వాలియరు కోటను నడిచి ఎక్కండి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

డిసెంబరు సెలవుల్లో పిల్లలను, మీ అత్తగారిని వెంటబెట్టుకుని గ్వాలియరు వెళ్తున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు ఆ కొండ మీదనే ఉంది. అక్కడికి నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోటకు రెండు దారులున్నాయి. నైరుతి వైపున ఉర్వాయి ద్వారం గుండా వాహనాలు పైదాకా వెళ్తాయి. ఈశాన్యాన ఉన్న గ్వాలియరు ద్వారం నుంచి మాత్రం నడిచే ఎక్కాలి. మొదటిసారి మేము కారులో ఉర్వాయి దారిన పైకి వెళ్లి, రాజభవనం చూసి, అదే కారులో దిగివచ్చాము. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన నేను, మన దేశంలో రాతి మీద చెక్కిన అతి పాత సున్నాలలో ఒకటి ఆ రెండో దారిలోనే ఉందని ఇంటికి వచ్చాక తెలుసుకుని చాలా బాధపడ్డాను. రెండోసారి వెళ్లింది దాని కోసమే.

కాబట్టి మీ అత్తగారిని, అల్లుడుగారిని కారులో పంపి, నువ్వూ పిల్లలూ పొద్దున్నే గ్వాలియరు ద్వారం నుంచి ఎక్కండి. కొండ ఎత్తు సుమారు 100 మీటర్లే అయినా రాళ్లు పరచిన ఆ బాట ఏటవాలుగా సాగుతుంది కనుక, జారని చెప్పులు, చేతిలో నీళ్ల సీసా ఉండాలి. దిగువనే గూజరీ మహల్ ఉంది. మాన్‌సింగ్ తోమర్ అనే గ్వాలియరు రాజు తన గూజరీ రాణి కోసం కట్టించిన ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. సోమవారం మూసి ఉంటుంది, అది చూసుకుని రోజు ఎంచుకోండి.

అక్కడి నుంచి ఒక్కొక్క ద్వారం దాటుతూ పైకి వెళ్తే, గణేశ ద్వారానికీ లక్ష్మణ ద్వారానికీ మధ్య కొండరాతిలోనే తొలిచిన చిన్న చతుర్భుజ ఆలయం వస్తుంది. పైన ఏదో పెద్దది ఉందన్న తొందరలో చాలామంది దీన్ని దాటి వెళ్లిపోతారు. మీరు ఆగండి. తలుపు వేసి ఉంటే అక్కడి కాపలాదారుని మర్యాదగా అడగండి. క్రీ.శ. 876 నాటి శాసనం లోపలి గోడ మీద ఉంది. దేవుడి పూలతోటకు 270 మూరల పొడవు, 187 మూరల వెడల్పు గల నేల ఇచ్చినట్టు, స్వామికి రోజూ 50 పూలదండలు అందేలా ఏర్పాటు చేసినట్టు అందులో ఉంది. ఆ 270లోనూ 50లోనూ చిన్న గుండ్రటి సున్నాలు కనిపిస్తాయి. శాసనంలోని మాట హస్తం, అంటే మన మూరే. నేటికీ మల్లెపూలను మూరల్లో కొలిచి కొనే మనకు ఆ లెక్క ఎంత దగ్గరిదో పిల్లలకు చెప్పు. అయితే సున్నా ఎక్కడుందో ముందే వేలుపెట్టి చూపించవద్దు. వాళ్లంతట వాళ్లే వెతికి పట్టుకోనివ్వు. ఎంత ఆలస్యమైనా పరవాలేదు.

తరువాతి మలుపుల్లో తల ఎత్తితే మాన్ మందిరమనే రాజభవనపు తూర్పు గోడ కనిపిస్తుంది. నీలి, పసుపు, ఆకుపచ్చ పెంకులతో బాతులు, ఏనుగులు, అరటిచెట్లు తీర్చిన ఆ గోడను కింది నుంచి, ఎక్కుతూ చూడాలి. 1486 నుంచి 1516 వరకు ఏలిన మాన్‌సింగ్ తన అతిథులకు చూపించదలచిన రూపం అదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. హాథీ పోల్ అనే ద్వారం దాటితే లోపలికి ప్రవేశం. ఆ భవనపు నేలమాళిగలను మొఘలులు చెరసాలగా వాడారు. ఔరంగజేబు తమ్ముడు మురాద్‌ను 1661లో ఈ కోటలోనే చంపించారు. అక్కడ చీకటిగా ఉంటుంది, టార్చిలైటు పట్టుకెళ్లండి, మెట్ల దగ్గర చిన్నవాడి చెయ్యి వదలవద్దు.

మీ అత్తగారిని సాస్-బహు ఆలయాల దగ్గర కలుసుకోండి. పేరు విని అత్తాకోడళ్ల గుడి అనుకుంటారు కానీ, సహస్రబాహు అన్న పేరే అలా మారిందని చెబుతారు. పెద్ద ఆలయం విష్ణువుది. 1093 నాటి శాసనం దాని నిర్మాణాన్ని వివరిస్తుంది. మండపంలో కాసేపు కూర్చుని పైకప్పు చెక్కడం చూడండి. అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది.

తేలీ కా మందిర్‌కు మాత్రం తీరిగ్గా వెళ్లాలి. దాదాపు 30 మీటర్ల ఎత్తున్న ఈ గుడికి ఉత్తరాది శిఖరం లేదు. మన గోపురాల మీద ఉండే సగం పీపాను బోర్లించినట్టుండే పొడవాటి శాలాకారపు కప్పే దీని నెత్తినా ఉంది. అందుకే తేలీ అన్న పేరు తెలంగాణ నుంచి వచ్చిందని కొందరు, నూనె వర్తకుల నుంచి వచ్చిందని కొందరు అంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా, అంత దూరంలో మనకు తెలిసిన రూపం ఎదురైనప్పుడు కలిగే సంతోషం వేరు.

మధ్యాహ్నానికి దాతా బందీ ఛోడ్ గురుద్వారాకు చేరండి. జహంగీరు చెరలో ఉన్న సిక్కుల గురువు హర్‌గోబింద్ విడుదలవుతూ తనతో 52 మంది రాజులను బయటకు తెచ్చారన్న సంప్రదాయానికి గుర్తు అది. తల మీద గుడ్డ కప్పుకుని, పాదరక్షలు విడిచి వెళ్తే లంగరులో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, అందరికీ భోజనం పెడతారు.

దిగేటప్పుడు అందరూ కారులో ఉర్వాయి దారినే రండి, కానీ కొండచరియలో చెక్కిన జైన తీర్థంకరుల దగ్గర ఆపించండి. 15వ శతాబ్దంలో తోమర్ రాజుల కాలంలో చెక్కినవి, ఆదినాథుని విగ్రహం దాదాపు 57 అడుగులు ఉంటుంది. బాబరు ఆజ్ఞతో వాటి ముఖాలు చెడగొట్టారు. కొన్నిటిని తరువాత జైనులు సున్నంతో బాగుచేయించారు. అతికించిన ముఖం ఏదో, మొదటి రాయి ఏదో గమనించండి.

ఓపిక మిగిలితే సాయంత్రం ఊళ్లోని తాన్‌సేన్ సమాధికి వెళ్లండి. పక్కనే సూఫీ గురువు గౌస్ మహమ్మద్ సమాధికి ఉన్న రాతి జాలీలను ఎండ వాలే వేళ చూడాలి. డిసెంబరులో అక్కడ సంగీతోత్సవం జరుగుతుంది, తేదీలు ముందే తెలుసుకో. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ గ్వాలియరులో ఆగుతుంది. నెలాఖరున పొగమంచు వల్ల రైళ్లు బాగా ఆలస్యమవుతాయి కాబట్టి, దిగిన రోజునే కోట పెట్టుకోవద్దు. మీ అత్తగారికి ఉన్ని శాలువా, పిల్లలకు కుళ్లాయిలు మరిచిపోకు. పిల్లల్లో సున్నాను ముందు కనిపెట్టింది ఎవరో నాకు ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ మేనత్త