పాప కంటి ఆపరేషన్ కోసం తోట అమ్మాలా?

ప్రశ్న: సార్, మాది పాకాల దగ్గర పల్లె. మా పాపకు రెండేళ్ల మూడు నెలలు. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజు ఫోన్‌లో తీసిన ఫోటోలో పాప ఎడమ కన్ను పిల్లి కన్నులా తెల్లగా మెరిసింది. పరీక్షలు చేసి రెటినోబ్లాస్టోమా, కంటి క్యాన్సర్ అన్నారు. గడ్డ కంటి నిండా ఉందని, ఆ కన్ను తీసేయాలని చెప్పి పది రోజుల్లో ఆపరేషన్‌కు రమ్మన్నారు. కుడి కన్ను బాగానే ఉంది. మా ఆయన వేరేవాళ్ల టెంపో ట్రావెలర్ నడుపుతారు, నెలకు 24 వేలు వస్తుంది. నేను జాకెట్లు కుట్టి ఐదారు వేలు తెస్తాను. బియ్యం కార్డు ఉంది. బ్యాంకులో 70 వేలు, ఆరు సవర్ల బంగారం, లక్ష రూపాయల చీటీ (ఇరవై నెలల్లో తొమ్మిది కట్టాం), పాప పేరున సుకన్య ఖాతా, ముప్పావు ఎకరా మామిడి తోట ఉన్నాయి. మా బావగారు కన్ను తీయనివ్వొద్దు, ఎనిమిది లక్షలైనా సరే ముంబై తీసుకెళ్దాం అంటున్నారు. తోటకు ఒకాయన తొమ్మిది లక్షలు ఇస్తానంటున్నాడు, వారంలో రిజిస్ట్రేషన్ కావాలట. చుట్టుపక్కల ధర పద్నాలుగు దాకా ఉంది. లేదంటే మూడు రూపాయల వడ్డీకి అప్పు దొరుకుతుంది. ఏం చేయమంటారు? మాకు నాలుగున్నరేళ్ల బాబు కూడా ఉన్నాడు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది పది రోజులు. తోట అమ్మకండి. మూడు రూపాయల వడ్డీ అప్పు ముట్టుకోకండి. ఆపరేషన్ తేదీ మాత్రం మార్చకండి. మిగతాదంతా ఈ మూడు మాటల చుట్టూనే ఉంటుంది.

ముందు బావగారి మాట సంగతి చూద్దాం. ఆయనకు పాప మీద ప్రేమ ఉంది కాబట్టే అలా అంటున్నారు. వైద్యం గురించి తీర్పు చెప్పేవాణ్ని నేను కాదు. కానీ ఎనిమిది లక్షలు ఖర్చు పెట్టే ముందు డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఈ కన్ను ఉంచితే పాపకు దాంతో చూపు వస్తుందా?" గడ్డ కంటి నిండా ఉంటే చాలాసార్లు ఆ చూపు అప్పటికే పోయి ఉంటుంది. అప్పుడు కన్ను కోసం ఖర్చు పెట్టే ప్రతి నెలా గడ్డ నరం వెంట మెదడు వైపు పాకడానికి దారి ఇచ్చినట్టే. ఈ జబ్బు కంట్లోనే ఉండగా పట్టుకుంటే నయమయ్యే క్యాన్సర్లలో ఇది ముందు వరుసలో ఉంటుంది. కంటిని దాటిందంటే మాత్రం కథ పూర్తిగా మారిపోతుంది. రెండో అభిప్రాయం కావాలనుకుంటే తప్పకుండా తీసుకోండి. అందుకు ముంబై పోనక్కర్లేదు. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, చెన్నై శంకర నేత్రాలయలో కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగాలున్నాయి. స్కాన్‌లు, రిపోర్టులు పట్టుకుని తిరుపతి నుంచి తెల్లవారుజామున బస్సెక్కితే రాత్రికి చెన్నై నుంచి తిరిగి రావచ్చు. బావగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆ మాట డాక్టర్ నోటి నుంచి ఆయనే స్వయంగా వింటే ఇంట్లో గొడవ ఉండదు. ఇదంతా ఈ పది రోజుల లోపల జరగాలి.

ఇక డబ్బు. ఆపరేషన్ బిల్లు తలుచుకుని మీరు భయపడుతున్నారు. నా లెక్కలో మీ ఇంటిని కుంగదీసేది ఆ బిల్లు కాదు, తిరుగుళ్లు. కన్ను తీశాక దాన్ని ల్యాబ్‌కు పంపుతారు. జబ్బు నరంలోకో, కంటి వెనక పొరల్లోకో వెళ్లిన గుర్తులు లేవని ఆ రిపోర్టులో వస్తే చాలామందికి అక్కడితో చికిత్స ఆగుతుంది, ఆపైన పరీక్షలు మాత్రమే. గుర్తులు కనబడితే మూడు నాలుగు వారాలకోసారి కీమో, మామూలుగా ఆరు విడతలు. అంటే మీ ఖర్చు రెండు దారుల్లో ఏది పడుతుందో తెలియాలంటే ఆ రిపోర్టు రావాలి. రిపోర్టు రాకముందే పొలం రిజిస్ట్రేషన్ చేస్తే, ఎంత కావాలో తెలియని అవసరానికి ఐదు లక్షలు నష్టపోయి అమ్మినట్టు.

ఒక్క ప్రయాణం లెక్క వేసి చూడండి. మీ ఆయనకు రోజుకు తొమ్మిది వందల దాకా పడుతుంది, నాలుగు రోజులు డ్యూటీ పోతే 3,600. చార్జీలు, గది, తిండి, మందులు కలిపి ఇంకో మూడు వేలకు పైనే. అంటే ఒక్కో సారికి సుమారు ఏడు వేలు. కీమో పడితే మొదటి ఏడాది పది ప్రయాణాలనుకోండి, 70 వేలు. మీ బ్యాంకులో ఉన్నది సరిగ్గా అంతే. అందుకే ఆ 70 వేలు ఆసుపత్రి కౌంటర్‌లో కట్టేయకుండా దారి ఖర్చులకే ఉంచమంటున్నాను.

మరి ఆసుపత్రికి? మీకు బియ్యం కార్డు ఉంది కాబట్టి మొదట తట్టాల్సిన తలుపు ఎన్టీఆర్ వైద్య సేవ, మనం ఇన్నాళ్లూ ఆరోగ్యశ్రీ అంటున్నదే. క్యాన్సర్ చికిత్స అందులో ఉంది. పక్క రాష్ట్రాల ఆసుపత్రులు కూడా కొన్ని జాబితాలో ఉన్నాయి. అయితే ఆసుపత్రి జాబితాలో ఉంటే చాలదు, పాపకు చేయబోయే ఆపరేషన్ కూడా ఆ ఆసుపత్రికి ఉన్న అనుమతుల్లో ఉండాలి. 104కు ఫోన్ చేసి రెండూ అడగండి, లేదా ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్ర కౌంటర్ దగ్గర అడగండి. ముందు అనుమతి వచ్చాకే అడ్మిషన్. డబ్బు కట్టి చేరిపోయి తర్వాత కార్డు చూపిస్తే చాలా కష్టమవుతుంది. మదనపల్లె వైపు కుటుంబం ఒకటి నా దగ్గరికి వచ్చేటప్పటికే తాతగారు ఆవుల్ని, అర ఎకరాన్ని అమ్మేసి ఉన్నారు. కార్డు బీరువాలోనే ఉంది, అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ పెద్దాయన ముఖం నాకింకా గుర్తుంది.

పథకం కింద కుదరని ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెడతారు. చికిత్సకు ముందే ఆసుపత్రి ఇచ్చిన అంచనా పత్రంతో ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) అడగవచ్చు, లేదా అయిపోయాక బిల్లులతో అడగవచ్చు. రెంటికీ ఒరిజినల్ కాగితాలే కావాలి. అందుకే ఈరోజే ఒక ప్లాస్టిక్ ఫైలు కొనండి, ప్రతి బిల్లూ, ప్రతి రిపోర్టూ అందులో పెట్టండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసి ఉంచండి. ఇంకోటి, పెద్ద కంటి ఆసుపత్రుల్లో చాలావాటికి సేవా విభాగాలుంటాయి. ఎల్.వి.ప్రసాద్‌లో సగం మందికి పైగా రోగులకు ఉచితంగానే వైద్యం చేస్తారు. అడగడానికి మొహమాటపడకండి. ఆ విభాగం పెట్టిందే మీలాంటి వాళ్ల కోసం.

అప్పటికీ డబ్బు తక్కువైతే బంగారం. అమ్మకండి, బ్యాంకులో కుదువ పెట్టండి. లక్ష రూపాయలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు. బ్యాంకు బంగారు రుణానికి నూటికి నెలకు రూపాయి లోపే పడుతుంది. మొత్తం ఆరు సవర్లూ ఒకేసారి పెట్టకండి, రెండు సవర్లతో మొదలుపెట్టండి. చీటీని ఇప్పుడే పాడి ఎత్తుకుంటే పాటలో చాలా వదులుకోవాల్సి వస్తుంది. ల్యాబ్ రిపోర్టు వచ్చాక కీమో అంటే అప్పుడు ఆలోచిద్దాం. నెల నెలా ఐదు వేలు కట్టడం కష్టమైతే చీటీ నడిపే వాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి, కట్టడం మానేశాక కాదు.

సుకన్య ఖాతా మూసేద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. ప్రాణాపాయమైన జబ్బు అయినా సరే, ఖాతా తెరిచి ఐదేళ్లు నిండకుండా మూయనివ్వరు. కాబట్టి దాని కోసం పోస్టాఫీసు చుట్టూ తిరిగి టైం పోగొట్టుకోకండి. ఏడాదికి 250 రూపాయలు వేస్తే ఖాతా బతికే ఉంటుంది. ఈ రెండేళ్లూ అంతే వేయండి. పాప పెద్దదవుతుంది, చదువుతుంది, ఆ డబ్బు తనకు కావాలి.

తోట గురించి ఒక మాట. 2025లో బెంగళూరా మామిడికి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చిన సంగతి మన జిల్లాలో అందరికీ తెలుసు. అప్పటినుంచి తోటలున్నవాళ్లు చేతులెత్తేస్తారని చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. వారంలో రిజిస్ట్రేషన్ అనే మనిషికి మీ పాప జబ్బు సంగతి తెలిసే ఉంటుంది. మరీ అవసరమైతే రెండేళ్ల కాపు గుత్తకు ఇచ్చి ముందే డబ్బు తీసుకోండి. వచ్చేది తక్కువే, కానీ నేల మీ చేతిలోనే ఉంటుంది.

బాబును మాత్రం ఆలస్యం చేయకుండా చూపించండి. ఒక కంటికే వచ్చిన పిల్లల్లో కూడా సుమారు 15 శాతం మందికి ఇది పుట్టుకతో వచ్చిన జన్యు లోపం వల్లే వస్తుంది. పాపకు రక్త పరీక్ష చేయించాలా అని డాక్టర్‌ని అడగండి. ఆ పరీక్షకు డబ్బు అవుతుంది, అయినా ఖర్చు పెట్టదగ్గదే. ఫలితాన్ని బట్టి బాబుకు మళ్లీ మళ్లీ మత్తు ఇచ్చి పరీక్షలు చేయాలో లేదో తేలుతుంది, పాప కుడి కంటిని ఎంత తరచుగా చూడాలో కూడా తెలుస్తుంది.

ప్రయాణాలకు రైల్లో రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్‌తో క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆపరేషన్‌కూ కీమోకూ ఇద్దరూ వెళ్లండి. మామూలు చెకప్‌లకు మీరూ మీ అత్తగారూ వెళ్తే మీ ఆయన డ్యూటీ పోదు.

వికలాంగ పింఛను గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు వచ్చి ఇప్పిస్తామంటారు. రెండో కన్ను బాగా ఉంటే ఒక కన్ను పోయినందుకు ఇచ్చే వైకల్యం 30 శాతం. పింఛనుకు కావాల్సింది 40. కాబట్టి సర్టిఫికెట్ పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. పాప ఫోటో పెట్టి ఇంటర్నెట్‌లో విరాళాలు అడగడం కూడా నాకు ఇష్టం లేదు. రేపు తను బడికి పోయేటప్పుడు కూడా ఆ ఫోటో అక్కడే ఉంటుంది.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకు కృత్రిమ కన్ను అమరుస్తారు. పిల్లలు ఎదిగే కొద్దీ దాన్ని మార్చాలి, ఏడాదికోసారి పాలిష్ చేయించాలి. నెలకు ఐదు వందలు పక్కన పెడుతూ పోండి. అంతకంటే ముఖ్యం, పాప నడిచి ఆడుకునే వయసులో ఉంది, ఆ ఒక్క కంటికి దెబ్బ తగలకూడదు. పగలని పాలికార్బొనేట్ కళ్లద్దాలు చూపు బాగున్నా సరే పెట్టించండి. మీ మొత్తం ఖర్చులో ఇంతకంటే విలువైన చిన్న ఖర్చు లేదు.

చివరగా మీ ఆయన. ఘాట్ రోడ్డు మీద బండి నడిపే మనిషి సంపాదన మీద ఇల్లంతా నిలబడి ఉంది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాదానికి), 436 రూపాయల జీవన్ జ్యోతి (ఏ కారణంతో ప్రాణం పోయినా) ఈ వారమే రాయించండి, ఒక్కోదానికి రెండు లక్షలు. కీమో ఉందో లేదో తేలాక పెద్ద టర్మ్ పాలసీ చూద్దాం. పాపకు కొత్త ఆరోగ్య బీమా దొరకడం కష్టం, దొరికినా ఈ జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఫారంలో జబ్బు దాచమని ఏజెంటు చెబితే వినకండి.

సోమవారం ఉదయం మొదటి పని 104కు ఫోన్. ల్యాబ్ రిపోర్టు రాగానే నాకు మళ్లీ రాయండి, చీటీ సంగతి అప్పుడు కలిసి తేలుద్దాం.