సముద్రం దగ్గరి ఊళ్లో సెప్టిక్ ట్యాంకు వానాకాలంలో వెనక్కి తన్నుతోంది, గుంత ఇంకా లోతు చేయించాలా?

అయిదడుగులు తవ్వితే నీళ్లు పడతాయంటున్నారు, గుంత ఇంకో మూడడుగులు దించితే సరిపోతుందా అంటున్నారు. సరిపోదండి. ఆ తప్పు మేం చేసే ఉన్నాం.

మాది కోనసీమలో అంతర్వేది వైపు పల్లె. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి సిమెంటు ఒరలు దించి గుంత చేశాడు. వేసవంతా బాగానే ఉంది. శ్రావణం వచ్చేసరికి మరుగుదొడ్లో చెంబుడు నీళ్లు పోసినా దిగలేదు. లోతు చేయించాం. ఆ మర్నాడు చూస్తే గుంతలో నీళ్లు, పక్కన మా నూతిలో నీళ్లు ఒకే మట్టాన ఉన్నాయి. అంటే మేం రెండో నుయ్యి తవ్వుకున్నామన్నమాట, అదీ మురుగుతో! నూతినీళ్లు వాసనొస్తున్నాయని అమ్మ ముందే అంది, ఎవరు విన్నారు?

మన వైపు వానొక్కటే కాదు. అమావాస్యకీ పున్నమికీ పోటు పెరిగితే, సముద్రంలోకి నీరు పోయే డ్రెయిన్లలో ఉప్పునీరు ఎదురెక్కుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి కొబ్బరి చెట్లు మోడువారింది అందుకే. డ్రెయిన్ నిండుగా ఉంటే మురుగు పోయే దారే ఉండదు.

కాబట్టి లోతుకి కాదు, ఎత్తుకి వెళ్లాలి. మేం మరుగుదొడ్డి గచ్చు మూడడుగులు లేపి, నేలకి పైనే రెండు గుంతలు కట్టి చుట్టూ మట్టి దిబ్బ పోయించాం. ఒకటి నిండాక మూసేసి రెండోది వాడతాం. మూసినది రెండేళ్లు కదపకూడదు. గుంత అడుగు సిమెంటుతో మూసి, చుట్టూ అర మీటరు మందాన సన్నిసుక నింపాలి. ఇంత చేసినా నూతికి, బోరింగుకి 10 మీటర్ల దూరం తప్పదు. ఆ దూరం ఉండేలా చూడ్డానికి మా స్థలంలో నుయ్యే మార్చాల్సొచ్చింది.

స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు ఆ గుంతల్లోకి వదలకండి, అసలు రోగం అక్కడే. మేం వాటిని జిడ్డు ఆగే చిన్న తొట్టిలోంచి, కింద టార్పాలిన్ పరిచిన కంకర మడిలోకి పంపాం. పన్నెండడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. అందులో మెట్టతామర వేశాం. అయిదుగురికి సరిపోతోంది, బయటికొచ్చిన నీరు అరటి పాదులకి పోతోంది. నీరు కంకర పైకి తేలనివ్వకండి, దోమలు గుడ్లు పెడతాయి. తొట్టి జిడ్డు పదిహేను రోజులకోసారి తియ్యాలి. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, మా ఇంట్లో అది నా వంతే.

ఇంకోటి, ట్యాంకు మాత్రం వానాకాలంలో ఖాళీ చేయించొద్దు. మా పక్కింటివాళ్లు రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు భాద్రపదంలో ఖాళీ చేయిస్తే, కింద ఊటకి అది పడవలా తేలి పైపులు విరుచుకుని పైకొచ్చింది. వేసవిలో, రెండు మూడేళ్లకోసారి చాలు. మనిషిని లోపలికి దింపొద్దు. విషవాయువు ప్రాణం తీస్తుంది, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. ట్యాంకరు వాడు ఎక్కడ పారబోస్తున్నాడో కూడా అడగండి. మా దగ్గర ఒకడు రాత్రిపూట పంటబోదెలో వదిలేస్తుంటే పట్టుకున్నాం.

ఇప్పుడే మేస్త్రిని పిలవకండి. దసరా నాటికి ఓ మూల గొయ్యి తీసి, నీళ్లు ఎంతవరకు వస్తాయో కర్రకి గుర్తు పెట్టండి. గుంత అడుగు ఆ గుర్తుకి పైనే ఉండాలి.