నీ కథలో తుపాకుల గురించి

కావలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. గ్రహశకలం మీద గ్రానైట్ క్వారీ, నెలల తరబడి జీతాలు అందని కూలీలు, వాళ్ల మీద తుపాకులతో కాపలా. చీమకుర్తిలో పుట్టి పెరిగిన పిల్ల మాత్రమే రాయగల కథ. బ్లాస్టింగ్‌కి ముందు మనుషులు ఎటు జరుగుతారో, దుమ్ము పడకుండా క్యారేజీ మూత ఎంత చప్పున వేస్తారో నువ్వు రాసిన పేరాలు చదివి చాలా సంతోషపడ్డాను. కథ మొత్తాన్నీ నమ్ముకుంటూ వచ్చినదాన్ని తుపాకుల దగ్గర ఆగిపోయాను. అందుకే ఈ ఉత్తరం వాటి గురించే.

‘వెండిలా మెరుస్తూ నీలి కాంతులు చిమ్మే భయంకరమైన అత్యాధునిక ఆయుధం’ అని రాశావు. కాపలావాళ్ల చేతిలోనూ అదే, చివర్లో కూలీలు తిరగబడినప్పుడు వాళ్ల చేతిలోనూ అదే. నాకు బొమ్మ కనబడలేదమ్మా. దాన్ని ఎవరు చేశారు? ఎవరి చేతికి సరిపోయేలా చేశారు? ఎత్తితే ఎంత బరువు? ఊహాలోకపు తుపాకి ఎంత వింతగా ఉన్నా, చూడగానే దాన్ని తయారుచేసిన మనుషులెవరో తెలియాలి. నేను ఏళ్ల తరబడి ఇష్టంగా చూస్తున్న డిజైన్లన్నిటిలోనూ ఆ గుణం ఉంది.

1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ తీసుకో. అందులో తెల్ల కవచాల సైనికులు పట్టుకునే తుపాకి బ్రిటిష్ వాళ్ల స్టెర్లింగ్ సబ్‌మెషిన్ గన్. భుజానికి ఆనించుకునే దాని మడత బట్ అలాగే ఉంచి, పైన ఒక పాత దుర్భిణి బిగించి, గొట్టం పొడవునా ప్లాస్టిక్ పట్టీలు అతికించారు. ఎడమపక్కకు పొడుచుకొచ్చే మ్యాగజైన్‌ని, అంటే తూటాల పెట్టెని, పొట్టిది చేశారు. అంతే. ఆ స్టెర్లింగ్‌నే మన దేశంలో లైసెన్సు మీద కాన్పూర్‌లో తయారుచేశారు. ఎన్నికల బందోబస్తులో పోలీసుల భుజానికి వేలాడుతూ నువ్వు చూసే ఉంటావు, చిల్లుల గొట్టం ఉన్న కార్బైన్. నిజం తుపాకి ఎముకలు లోపల ఉండబట్టే సినిమాలో నటులు దాన్ని బరువుగా పట్టుకున్నారు, ఆ బరువు మన కంటికి తెలిసింది. అదే సినిమాలో సొంత అంతరిక్ష నౌక నడుపుకునే హాన్ సోలో నడుముకి ఉండేది జర్మనీలో 1896లో తయారీ మొదలైన మౌజర్ పిస్తోలు. దానికీ ఒక దుర్భిణి, గొట్టం చివర ఒక మూతి తగిలించారు. సైనికులందరిదీ ఒకే అచ్చు, హాన్ సోలోది ఏ పాత సామాను సంతలోనో ఏరుకుని తనే బాగుచేసుకున్నట్టుండే తుపాకి. డైలాగు లేకుండానే ఎవరు సర్కారు మనిషో, ఎవరు సొంత నౌక నడుపుకునేవాడో తెలిసిపోతుంది. నీ కథలో జరగనిది ఇదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ సినిమాలో హీరో డెకార్డ్ పిస్తోలు. ఆస్ట్రియా వాళ్ల స్టెయిర్ రైఫిల్ భాగాలు, అమెరికా వాళ్ల చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్ రివాల్వర్ కలిపి చేశారు. పిడి తేనె రంగులో, వెలుతురు లోపలికి దిగేలా ఉంటుంది. ట్రిగ్గర్లు రెండు. ఆ రెండోది దేనికో సినిమాలో ఎవరూ చెప్పరు. పక్కన చిన్న ఎర్ర లైట్లు. వాటి సంగతీ చెప్పరు. వాడే మనిషికి తెలుసు, అది చాలు. ఆ పిస్తోలు నిగనిగలాడదు, చాన్నాళ్లు జేబులో తిరిగినట్టుంటుంది. వివరం కనబడాలి, వివరణ అక్కర్లేదు. నువ్వేమో ‘ఈ ఆయుధం క్వాంటమ్ శక్తితో పనిచేస్తుంది’ అని అర పేజీ రాశావు. ఆ అర పేజీ కొట్టెయ్. దాని బదులు, ఏ బటన్ మీద పెయింట్ అరిగిపోయిందో ఒక్క వాక్యంలో రాయి. ఎక్కువగా నొక్కేది దాన్నే అని పాఠకుడికి తెలుస్తుంది.

1986 నాటి ‘ఏలియన్స్’ సినిమాలో సైనికుల పల్స్ రైఫిల్‌లో మరో పాఠం ఉంది. లోపల పాత థాంప్సన్ గన్, దాని కింద పంప్ షాట్‌గన్ పెట్టి, పైన కొత్త తొడుగు వేశారు. పక్కన ఇంకా ఎన్ని తూటాలున్నాయో చూపించే ఎర్ర అంకెలుంటాయి. కాలుస్తుంటే అంకె తగ్గుతూ పోతుంది. టెన్షన్ అంతా ఆ అంకెలో ఉంది. 2001లో వచ్చిన ‘హేలో’ గేమ్‌లో గ్రహాంతరవాసుల తుపాకి నీడ్లర్ అంకె కూడా లేకుండా ఆ పని చేస్తుంది. పైన గులాబీ రంగు ముళ్లు పొడుచుకుని ఉంటాయి, కాలుస్తున్నకొద్దీ తగ్గిపోతాయి. మనుషులు లెక్కలు చదువుతారు, ఆ గ్రహాంతరవాసులు ముళ్లు చూసుకుంటారు. ఇద్దరి లోకాలు వేరని ఆకారమే చెబుతోంది. 2007 నాటి ‘పోర్టల్’ గేమ్‌లో అయితే తుపాకికి తూటాలే లేవు. తెల్లగా, గుండ్రంగా, ల్యాబ్‌లో వాడే పరికరంలా ఉంటుంది. దాన్ని చేసినవాళ్లు సైన్యం కాదు, ప్రయోగశాల వాళ్లు.

మెరుపులతో, పెద్ద గొట్టాలతో భయపెట్టే డిజైన్లు చాలా ఉన్నాయి. వాటిని నేను పెద్దగా పట్టించుకోను. 1997లో ‘మెన్ ఇన్ బ్లాక్’ సినిమాలో అరచేతిలో ఇమిడిపోయే బుజ్జి పిస్తోలు ఒకటుంది. పేల్చినవాడు ఎగిరి వెనక్కి పడతాడు. చిన్న వస్తువు ఇచ్చే ఆశ్చర్యం పెద్ద ఫిరంగి ఇవ్వదు.

ఇక నీ గ్రహశకలం. గాలి లేదు, గురుత్వం దాదాపు లేదు. ఈ రెండే నీ డిజైనర్లు. మామూలు తూటా అక్కడా పేలుతుంది, ఎందుకంటే మందు మండటానికి కావలసిన ఆక్సిజన్ ఆ మందులోనే ఉంటుంది. కానీ కాల్చినవాడు వెనక్కి తేలిపోతాడు. అందుకని కాపలావాళ్ల తుపాకికి రాతికి తగిలించుకునే కొక్కెం ఉండాలి, లేదా వాళ్ల బూట్లకు పట్టు ఉండాలి. స్పేస్ సూట్ గ్లవ్స్ లావుగా ఉంటాయి, మామూలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలో ఆ వేలు దూరదు. కమ్మీ పెద్దది చెయ్యి. లేజర్ అయితే వేడి సమస్య. బుల్లెట్ బండి ఇంజను చుట్టూ రేకులుంటాయి చూడు, వాటి మధ్యనుంచి గాలి పోయి ఇంజను చల్లబడుతుంది. పాతకాలం బొమ్మ రే గన్ల, అంటే కిరణాలు చిమ్మే ఊహా తుపాకుల, గొట్టం చుట్టూ చక్రాలుండటానికీ అలాంటి ఆలోచనే కారణమని నా నమ్మకం. గాలి లేని చోట ఆ రేకులు అలా పనిచేయవు, వేడి కిరణాలుగానే బయటికి పోవాలి. కాబట్టి నీ లేజర్‌కి వెడల్పాటి పలకలు కావాలి. నాలుగుసార్లు కాల్చాక ఆ పలకలు ఎర్రబడితే, కూలీలు వాటిని చూసి ‘ఇప్పుడు కాల్చలేరు’ అని ముందుకు దూకొచ్చు. నీ క్లైమాక్స్‌కి కావలసింది నీకు దొరికినట్టే. ఇంకొకటి. శూన్యంలో లేజర్ గీత పక్కనుంచి చూసేవాళ్లకు కనబడదు. కానీ నీది క్వారీ. దుమ్ము తేలుతున్న చోట మాత్రమే గీత మెరుస్తుంది, దుమ్ము లేని చోట మాయమవుతుంది. కూలీలకు దుమ్ము ఎక్కడుందో బాగా తెలుసు.

కూలీల చేతిలో కంపెనీ తుపాకి పెట్టొద్దు, తల్లీ. వాళ్ల దగ్గర డ్రిల్లింగ్ మెషిన్లున్నాయి, కేబుళ్లున్నాయి, రాయి కోసే వైర్ ఉంది. వాటితోనే చేసుకోనీ. రెండు చేతులతో పట్టుకునే అడ్డపిడి అలాగే ఉండాలి, ఎందుకంటే వాళ్ల భుజాలకు అలవాటైన పట్టు అది. పిడికి చుట్టిన గుడ్డ, పగిలిన మీటరు, ఎవరో గీరిన గుర్తు ఉండాలి. కంపెనీ తుపాకులన్నీ ఒక్కలాగే ఉండాలి, కూలీలవి ఏ రెండూ ఒక్కలా ఉండకూడదు.

మీ నాన్న డ్యూటీ దిగి వచ్చాక, ఆయన్ని కాసేపు కూర్చోబెట్టుకుని అడుగు. జాక్‌హ్యామర్ రోజంతా పట్టుకుంటే ఏ వేళ్లు ముందు తిమ్మిరెక్కుతాయి, ఏ భుజం ముందు నొప్పెడుతుంది, మెషిన్‌ని కిందపెట్టేటప్పుడు ఏ కాలు ముందుకు వేస్తారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో. నీ కూలీలు తుపాకి పట్టుకునే తీరంతా అందులోంచే రావాలి. తిరుగుబాటు సీన్ ఒక్కటే మళ్లీ రాసి పంపు. మేస్త్రీ ముసలాయన పాత్ర జోలికి మాత్రం వెళ్లొద్దు, ఆయన ఉన్నట్టే బాగున్నాడు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మలాంటి పాత రచయిత్రి