పాత సిస్టమ్, పాత ఆటలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత గేమ్ యంత్రాలను కంప్యూటర్‌లో అనుకరించి వాటి ఆటలు ఆడించే ప్రోగ్రాములు, అంటే ఎమ్యులేటర్ల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్నది అసెంబుల్డ్ సిస్టమ్. కోర్ 2 డ్యుయో ఈ7500, జీ31 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్లేస్టేషన్ 1, ప్లేస్టేషన్ 2 ఆటలు నడుస్తాయా? రకరకాల ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే రెట్రోఆర్క్ ఇన్‌స్టాల్ చేస్తే తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతోంది. ర్యామ్ పెంచాలా? (తెనాలి)

జవాబు: ర్యామ్ జోలికి వెళ్లొద్దు. అసలు ప్లేస్టేషన్ 1లో ఉన్న మెయిన్ మెమరీయే 2 ఎంబీ. మీ 2 జీబీ దానికి చాలా ఎక్కువ. ఇప్పుడు డీడీఆర్2 ర్యామ్ కోసం వెతికి కొనడం డబ్బు దండగ.

రెట్రోఆర్క్ మూసుకుపోవడానికి కారణం ప్రాసెసర్ కాదు, బోర్డులోని గ్రాఫిక్స్. జీ31లో ఉండే జీఎంఏ 3100 విండోస్‌లో ఓపెన్‌జీఎల్ (ప్రోగ్రాములు గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మ గీయించుకునే పద్ధతి) 1.4 వరకే ఇస్తుంది. రెట్రోఆర్క్ మామూలుగా వాడే 'జీఎల్' డ్రైవర్‌కు కనీసం 2.0 కావాలి. మెనూయే రావడం లేదు కాబట్టి మార్పు బయటి నుంచి చేయాలి. రెట్రోఆర్క్ ఫోల్డర్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌ను (retroarch.cfg) నోట్‌ప్యాడ్‌లో తెరవండి. కంట్రోల్, ఎఫ్ నొక్కి వీడియో డ్రైవర్ (video_driver) అన్న లైను వెతకండి. అక్కడ కోట్స్ మధ్యనున్న 'జీఎల్' పక్కన 1 చేర్చి సేవ్ చేయండి. ఓపెన్‌జీఎల్ తొలి వెర్షన్లతో సరిపెట్టుకునే డ్రైవర్ అది. షేడర్లు (బొమ్మకు మెరుగులు దిద్దే ఎఫెక్టులు) పనిచేయవు గానీ బొమ్మ వస్తుంది.

ప్లేస్టేషన్ 1కి పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ కోర్ (రెట్రోఆర్క్‌లో ఒక్కో గేమ్ యంత్రాన్ని అనుకరించే భాగం) వేసుకోండి. ఇది బొమ్మను ప్రాసెసర్‌తోనే గీస్తుంది, గ్రాఫిక్స్ చిప్‌పై ఆధారపడదు. 2.93 గిగాహెర్ట్జ్ ఈ7500కి అది తేలిక పనే. కోర్ ఆప్షన్స్‌లో రిజల్యూషన్ పెంచేవి ఉంటాయి, వాటిని ఆఫ్‌లోనే ఉంచండి. డక్‌స్టేషన్ అనే ఇంకో ప్లేస్టేషన్ 1 ఎమ్యులేటర్ మంచిదే కానీ దాని కొత్త వెర్షన్లకు విండోస్ 10 కావాలి, మీ గ్రాఫిక్స్ కూడా చాలదు.

ప్లేస్టేషన్ 2 మాత్రం ఈ సిస్టమ్ మీద ఆశ వదులుకోండి. అందులో ప్రధాన ప్రాసెసర్‌తో పాటు రెండు వెక్టర్ యూనిట్లు, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ ఉంటాయి. వీటన్నిటినీ ఒకదానితో ఒకటి అడుగు కలిపి నడిపించడమే భారం. ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటర్ పీసీఎస్ఎక్స్2 కొత్త వెర్షన్లకు విండోస్ 10, ఎస్ఎస్ఈ 4.1 (ప్రాసెసర్‌లో ఉండే ప్రత్యేక ఆదేశాల వరుస) తప్పనిసరి. మీ ఈ7500లో ఎస్ఎస్ఈ 4.1 ఉంది. అయితే అదే కాలంలో అమ్మిన పెంటియమ్ ఈ5000 వరుసలోనూ, పాత ఈ6000 కోర్ 2 డ్యుయోల్లోనూ అది లేదు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ప్రాసెసర్ కొనేవాళ్లు సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో 'ఇన్‌స్ట్రక్షన్స్' వరుస చూసుకోవాలి.

డబ్బు పెట్టి తీరాలంటే జీటీ 710 లాంటి చిన్న కార్డు వేయండి. 19 వాట్లే తింటుంది, పవర్ సప్లై నుంచి విడిగా వైరు అక్కర్లేదు. షేడర్లు వస్తాయి, మెనూ సాఫీగా కదులుతుంది. ప్లేస్టేషన్ 2 మాత్రం అప్పటికీ రాదు.

ప్రశ్న: ఆట బాగానే నడుస్తోంది గానీ శబ్దం గరగరలాడుతోంది. దొరికిన సెట్టింగులన్నీ మార్చాం. లాభం లేదు. (సిద్దిపేట)

జవాబు: ముందు ఆ సెట్టింగులన్నీ యథాస్థితికి తెచ్చేయండి. గరగరకు రెండు వేర్వేరు కారణాలున్నాయి. మీది ఏదో తేలాకే చేయి పెట్టాలి.

రెట్రోఆర్క్‌లో ఆట నడుస్తుండగా ఎఫ్3 నొక్కితే ఎఫ్‌పీఎస్ (సెకనుకు పడే ఫ్రేములు, మామూలు వేగంలో 60) కనిపిస్తుంది. ఇప్పుడు స్పేస్ నొక్కండి, ఆట పరుగందుకుంటుంది. ఆ పరుగులో అంకె 180 దాకా వెళ్తే మీ సిస్టమ్‌కు అవసరానికి మూడింతల సత్తా ఉన్నట్టు. 65 దగ్గరే ఆగిపోతే అంచు మీద నడుస్తోందని అర్థం. కాస్త గొడవగా ఉన్న సీన్ రాగానే 60 కంటే కిందికి పడుతుంది. ఆ క్షణంలో సౌండ్ కార్డుకు అందాల్సిన శబ్దం అందదు. మీరు వినే గరగర ఆ ఖాళీయే. మళ్లీ స్పేస్ నొక్కితే మామూలు వేగానికి వస్తుంది.

సత్తా ఉండి కూడా గరగర వస్తుంటే సెట్టింగ్స్‌లో ఆడియో కింద లేటెన్సీని (శబ్దాన్ని ముందుగా నిల్వ ఉంచుకునే వ్యవధి) 64 మిల్లీసెకన్ల నుంచి 96కి, చాలకపోతే 128కి పెంచండి. అంతకు మించితే బటన్ నొక్కాక శబ్దం ఆలస్యంగా వినిపిస్తుంది. మానిటర్ రిఫ్రెష్ రేటు కూడా చూడండి. పాత 17 అంగుళాల మానిటర్లు చాలావరకు 75 హెర్ట్జ్‌లో పెట్టి ఉంటాయి. 60 ఫ్రేముల ఆట 75లో ఎప్పటికీ సమంగా పడదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60కి మార్చండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

సత్తా లేకపోతే లేటెన్సీ ఎంత పెంచినా ఉపయోగం లేదు. భారం దించాలి. మొదట రివైండ్ ఆపండి. వెనక్కి తిప్పడానికి వీలుగా ఆట స్థితిని అది పదేపదే దాచిపెడుతూ ఉంటుంది. తర్వాత రన్-అహెడ్ (బటన్ నొక్కిన ఫలితం త్వరగా కనబడేలా ఫ్రేములను ముందే లెక్కించేది) ఆపండి. ఒక్క ఫ్రేము ముందుకు పెట్టినా పని దాదాపు రెట్టింపు. ఆ తర్వాత షేడర్లు. ఇంకా చాలకపోతే కోర్ మార్చండి. సూపర్ నింటెండోకు బీఎస్‌నెస్ వాడుతుంటే ఎస్‌నెస్9ఎక్స్‌కు, ప్లేస్టేషన్‌కు బీటిల్ వాడుతుంటే రీఆర్మ్‌డ్‌కు రండి. బీఎస్‌నెస్, బీటిల్ అసలు యంత్రాన్ని వీలైనంత కచ్చితంగా అనుకరించాలని రాసినవి. ఆ కచ్చితత్వం ఖరీదు ప్రాసెసర్ కట్టాలి.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 50 శాతమే వాడుతోంది కదా అని చాలామంది పొరపడతారు. రెండు కోర్ల ప్రాసెసర్‌లో 50 శాతం అంటే ఒక కోర్ నిండిపోయిందని కావచ్చు. ఎమ్యులేటర్ పనిలో ఎక్కువ భాగం ఒకే కోర్ మీద పడుతుంది. నాలుగు కోర్లుంటే 25 దగ్గరే ఈ అనుమానం రావాలి.

ల్యాప్‌టాప్ అయితే ఇంకొకటి: పది నిమిషాలు బాగా నడిచి తర్వాత గరగర మొదలైతే అది వేడి. ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పించండి. ఛార్జర్ తీసేస్తేనే వస్తుంటే పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి.

ప్రశ్న: చిన్నప్పుడు టీవీకి పెట్టి ఆడిన క్యాసెట్ ఆటలే ఇప్పుడు కంప్యూటర్‌లో ఆడుతుంటే వేగంగా పరుగెడుతున్నాయి. సంగీతం కూడా హడావుడిగా ఉంది. మా సిస్టమ్ పాతది, నెమ్మదిగా ఉండాలి కదా? (రాజమహేంద్రవరం)

జవాబు: సిస్టమ్ తప్పు లేదు, మీ జ్ఞాపకమూ తప్పు కాదు. మన దగ్గర అమ్మిన ఆ టీవీ గేములు చాలావరకు నింటెండో కంపెనీ జపాన్‌లో అమ్మిన ఫామికామ్ యంత్రానికి నకళ్లు. 1983లో వచ్చిన అసలు ఫామికామ్ జపాన్ టీవీల లెక్కన సెకనుకు 60 ఫ్రేములు వేస్తుంది. మన టీవీలు ప్యాల్ పద్ధతి, అంటే 50. అందుకని నకలు తయారుచేసినవాళ్లు చిప్‌ను 50కి తగ్గించారు. ఆ ఆటలు కాలాన్ని ఫ్రేముల్లోనే లెక్కపెడతాయి. జపాన్‌లో 5 నిమిషాల్లో అయ్యే స్టేజీ మన ఇంట్లో 6 నిమిషాలు పట్టేది. మనం నేర్చుకున్నది నెమ్మది ఆట.

ఎమ్యులేటర్‌లో ప్యాల్ పెడితే సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు. నింటెండో యూరప్‌కు పంపిన ప్యాల్ యంత్రంలో ప్రాసెసర్ వేగం 1.66 మెగాహెర్ట్జ్, జపాన్‌దానిలో 1.79. స్వరం ఈ వేగం మీదే ఆధారపడుతుంది కాబట్టి యూరప్ యంత్రంలో శ్రుతి కూడా దిగిపోతుంది. నకలు చిప్ 1.77లో నడుస్తుంది. అంటే శ్రుతి దాదాపు అదే, లయ మాత్రం నెమ్మది. ఎఫ్‌సీఈయూఎక్స్ అనే ఫామికామ్ ఎమ్యులేటర్‌లో కాన్ఫిగ్ మెనూ, రీజియన్ కింద 'డెండీ' అని ఉంటుంది. రష్యాలో పేరుపొందిన ఇలాంటి నకలు యంత్రం పేరది. దాన్ని ఎంచుకోండి. మీసెన్ అనే మరో ఎమ్యులేటర్‌లోనూ ఇదే పేరుతో దొరుకుతుంది.

ఇంకా ఏదో తేడాగా వినిపిస్తే సౌండ్ సెట్టింగుల్లో డ్యూటీ సైకిల్ స్వాప్ టిక్ చేసి చూడండి. కొన్ని నకలు చిప్‌లలో 25, 50 శాతం తరంగాలు తారుమారై ఉండేవి. అందువల్లే ఆ బొంగురు.

'9999 ఇన్ 1' క్యాసెట్ కాపీ తెరిస్తే పిచ్చిగీతలు వస్తున్నాయని ఇంకొకరు (కర్నూలు) రాశారు. ఫైలు మొదట్లోని 16 బైట్ల హెడర్‌లో, క్యాసెట్ లోపలి సర్క్యూట్ ఏ రకమో చెప్పే మ్యాపర్ నంబర్ తప్పు పడితే అలా అవుతుంది. ముందు మీసెన్‌లో తెరిచి చూడండి. ఇలాంటి మ్యాపర్లు దానికి చాలా తెలుసు.

ప్రశ్న: ప్లేస్టేషన్ సీడీని ఐఎస్ఓగా (సీడీ కాపీ ఉండే ఒకే ఫైలుగా) చేసుకున్నాను. ఆట వస్తోంది, పాటలు రావడం లేదు, మధ్యలో వచ్చే వీడియోలు ఆగిపోతున్నాయి. (ఖమ్మం)

జవాబు: ఐఎస్ఓలో ఒక్కో సెక్టార్ (సీడీలో సమాచారం ఉండే చిన్న ముక్క) నుంచి 2,048 బైట్లే వస్తాయి. ప్లేస్టేషన్ సీడీలో సెక్టార్ మొత్తం 2,352 బైట్లు. వీడియోల వెంట వచ్చే శబ్దం ఆ మిగిలిన భాగాన్ని కూడా వాడుకుంటుంది. విడి ఆడియో ట్రాకులైతే ఐఎస్ఓలోకి అసలు రావు. సీడీని మళ్లీ బిన్ (సమాచారం ఉండే ఫైలు), క్యూ (ట్రాకులు ఎక్కడున్నాయో చెప్పే ఫైలు) జతగా కాపీ చేయండి. ఎమ్యులేటర్‌లో క్యూ ఫైల్‌నే తెరవాలి. బిన్ తెరిస్తే ట్రాకులు ఎక్కడున్నాయో దానికి తెలియదు. ఫైలు పేరు మార్చితే క్యూ లోపల రాసి ఉన్న పేరు కూడా మార్చాలి, ఇది అందరూ మరిచిపోతారు. ఎస్ఎస్‌డీ కొంటే లోడింగ్ తగ్గుతుందా అని కూడా అడిగారు. తగ్గదు. ఎమ్యులేటర్ కావాలనే అసలు డ్రైవ్ వేగంతో, అంటే సెకనుకు దాదాపు 300 కేబీ చొప్పున ఇస్తుంది.

ప్రశ్న: ఇద్దరం ఒకే కీబోర్డు మీద ఆడుతుంటే ఒకరు దూకినప్పుడు ఇంకొకరి తుపాకి పేలడం లేదు. (అనంతపురం)

జవాబు: మామూలు కీబోర్డులో కీలన్నీ అడ్డు, నిలువు గీతల గళ్లలా కలిపి ఉంటాయి. చతురస్రం మూడు మూలల్లో పడే కీలు ఒకేసారి నొక్కితే నాలుగోదీ నొక్కారేమోనని అనుమానమొచ్చి కీబోర్డు మూడోదాన్ని వదిలేస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ కీలకు మామూలుగా ఈ బాధ ఉండదు. దూకడం, కాల్చడం వాటికి ఇవ్వండి. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ పెట్టె వచ్చి ఆట ఆగిపోతుంది, ముందే దాన్ని ఆపేయండి. ఒకరికి యూఎస్‌బీ ప్యాడ్ కొంటే గొడవే ఉండదు. ప్యాడ్‌లో బాణాలు పనిచేయకపోతే అనలాగ్ బటన్ ఒకసారి నొక్కి చూడండి.

ప్రశ్న: బయోస్ ఫైలు ఎక్కడ దొరుకుతుంది? (నల్గొండ)

జవాబు: బయోస్ అంటే ప్లేస్టేషన్ ఆన్ చేయగానే నడిచే దాని సొంత ప్రోగ్రామ్. దాన్ని మీ దగ్గరున్న ప్లేస్టేషన్ నుంచి తీసుకోవాలి. ఎమ్యులేటర్ వాడడం వేరు, కంపెనీ హక్కులున్న బయోస్‌ను, ఆటలను డౌన్‌లోడ్ చేసుకోవడం వేరు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రామ్‌కు పాడైపోతుందేమోనని బ్యాకప్ తీసుకునే వీలు ఇస్తుంది. పక్కవాడి కాపీకి ఆ వీలు లేదు.

తీసుకున్న ఫైలు సరిగ్గా 5,24,288 బైట్లు ఉండాలి. ఒక్క బైటు తేడా ఉన్నా కాపీ చెడిపోయినట్టే. దాన్ని రెట్రోఆర్క్‌లోని సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టండి. లినక్స్‌లో పేరు మొత్తం చిన్న అక్షరాల్లో ఉండాలి, లేకపోతే ఫైలు ఎదురుగా ఉన్నా లేదంటుంది. బయోస్ లేకపోయినా రీఆర్మ్‌డ్ తన సొంత ప్రత్యామ్నాయంతో చాలా ఆటలు నడుపుతుంది. కొన్ని మాత్రం మెమరీ కార్డు సేవ్ దగ్గర మొరాయిస్తాయి.