పడవ కోసం అత్యవసర నిధిని ఖాళీ చేయకండి

ప్రశ్న: నా వయసు 41. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇంటి రుణం ఇంకా నడుస్తోంది. కొన్నేళ్లుగా స్నేహితుల పడవల్లో సెయిలింగ్ చేస్తున్నాను, సొంతంగా ఒకటి ఉండాలని బలంగా ఉంది. 38 అడుగుల తెరచాప పడవ ఒకటి ఇప్పుడు అమ్మకానికి వచ్చింది. మొదటి యజమాని 22 ఏళ్ల కిందట డిజైన్ గీయించి ప్రత్యేకంగా కట్టించుకున్నారు. అలాంటిది మరొకటి లేదు. ధర నా 14 నెలల జీతమంత, అంటే అదే సైజు కంపెనీ పడవల కంటే బాగా తక్కువ. నా అత్యవసర నిధి ఎనిమిది నెలల ఖర్చులకు సరిపోతుంది, తక్కువ వడ్డీకి ఊరికే పడి ఉంది. అందులోంచి ఐదు నెలల జీతమంత తీసి, మిగతా తొమ్మిది నెలల జీతమంత ఇంటి మీద ఏడేళ్లకు 11 శాతం వడ్డీకి అప్పు తీసుకుందామనుకుంటున్నాను. పడవలకు రుణమిచ్చే సంస్థను అడిగితే, ప్రత్యేకంగా కట్టించిన పాత పడవ కదా అని ఒప్పుకోలేదు. వారాంతాల్లో అద్దెకిస్తే ఈఎంఐ వచ్చేస్తుంది, ఐదారేళ్లకు అమ్మినా నష్టం ఉండదని నా లెక్క. నాలుగేళ్ల నాటి సర్వే రిపోర్టు (నిపుణుడు పడవను తనిఖీ చేసి దాని స్థితి గురించి రాసింది) ఉంది, కొత్త సర్వే వద్దనుకుంటే ధర ఇంకాస్త తగ్గిస్తానని అమ్మే ఆయన అంటున్నారు. ఈ వారంలో అడ్వాన్సు ఇమ్మంటున్నారు. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది పడవ గురించి రాశారని కాదు. ‘ఊరికే పడి ఉంది’ అని మీరు రాసిన ఆ ఒక్క మాట కోసం. కారవాన్ కొనేవారు, పాత ఇల్లు కొని బాగు చేయించేవారు, వ్యాపారంలో వాటా తీసుకునేవారు అందరూ ఇదే మాట అంటారు. అత్యవసర నిధి ఊరికే పడి ఉండటం లేదు. ఏ రోజు కావాలన్నా, ఎంత కావాలన్నా, ఎవరినీ అడగకుండా చేతికి రావడమే దాని పని. వడ్డీ తక్కువ రావడం ఆ సౌకర్యానికి మనం కట్టే ధర. ఒక్కరి జీతం మీద నలుగురు బతుకుతున్న ఇంట్లో దాన్ని ముట్టుకునే కారణాల్లో పడవ అసలు రాకూడదు.

మీరిచ్చిన వివరాలతోనే లెక్క వేద్దాం. మీ చేతికి వచ్చే నెల జీతం 100 అనుకోండి. మీరు పంపిన వివరాల ప్రకారం ఇంటి ఖర్చులకు 50, ఇంటి ఈఎంఐకి 25 పోగా నెలకు 25 మిగులుతోంది. పడవ ధర 1400. మీ నిధి 600. అందులోంచి 500 తీస్తే మిగిలేది 100. అప్పు 900. ఏడేళ్లకు 11 శాతం మీద నెలకు సుమారు 15.4 కట్టాలి. గడువు పూర్తయ్యేసరికి వడ్డీయే దాదాపు 395 అవుతుంది. మీ మిగులు 25లోంచి ఈ 15.4 పోతే ఉండేది 9.6.

ఇక పడవను నీళ్ల మీద నిలబెట్టే ఖర్చు. నిలిపే చోటుకు అద్దె, బీమా, ఏడాదికో రెండేళ్లకో క్రేన్‌తో పైకి ఎత్తించి అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేయించే రంగు, ఉప్పునీటికి లోహం తినేయకుండా బిగించే జింకు దిమ్మలు, ఇంజిన్ సర్వీసు, తాళ్లు, తెరచాపలు. పడవల వాళ్లు మామూలుగా చెప్పుకునే లెక్క ఏడాదికి ధరలో పది శాతం. అంటే 140, నెలకు 11.7. మీ దగ్గర ఉన్నది 9.6. ఏదీ విరగకపోయినా, ఎవరికీ జ్వరం రాకపోయినా, మొదటి నెల నుంచే రెండు లోటు.

ఆ పది శాతం లెక్క కూడా చవగ్గా దొరికిన పాత పడవకు సరిపోదు. నిలిపే చోటుకు, క్రేన్‌కు, రంగుకు పడవ పొడవును బట్టి వసూలు చేస్తారు కానీ మీరు ఎంతకు కొన్నారని అడగరు. 38 అడుగుల పడవకు కొత్త తెరచాప కుట్టించాలంటే, దాన్ని సగం ధరకు కొన్నవారికీ పూర్తి ధరకు కొన్నవారికీ ఒకటే బిల్లు. ఏనుగును చవగ్గా కొన్నామని అది తక్కువ మేయదు కదా. అందుకే మీకు 14 నెలల జీతానికి దొరికినా, దాని ఖర్చు మాత్రం అదే సైజు ఖరీదైన పడవల ఖర్చుకు దగ్గరగానే ఉంటుంది.

ఇప్పుడు నిధి సంగతి మళ్లీ చూడండి. ఇవాళ మీ నెల ఖర్చు, ఈఎంఐతో కలిపి 75. ఎనిమిది నెలలకు 600 ఉంది, చాలా బాగా దాచుకున్నారు. పడవ కొన్నాక నెల ఖర్చు 102 అవుతుంది. అదే ఎనిమిది నెలల భద్రత కావాలంటే నిధి 600 నుంచి 800 దాటాలి. పడవ కొంటే పెంచాల్సిన నిధిని మీరు అదే రోజున 100కు దించేస్తున్నారు. ఆ 100 ఒక్క నెలకు కూడా రాదు. ఉద్యోగం పోయిందనుకోండి, రెండో నెల ఈఎంఐ ఎక్కడి నుంచి వస్తుంది? పడవ అమ్ముతారా? పడవ కొనేవారు ఫోన్ చేసిన వారంలో డబ్బు తెచ్చివ్వరు. ఒకే ఒక్కటిగా కట్టిన పడవకైతే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ నిలిపే చోటు అద్దె ఆగదు. బాకీ పడితే పడవను వదలకుండా పట్టి ఉంచుతారు కూడా.

అప్పు విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. పడవలకు రుణమివ్వడమే పనిగా పెట్టుకున్న సంస్థ మీ పడవను చూసి వెనక్కి తగ్గింది. రేపు బాకీ పడితే దీన్ని అమ్మి డబ్బు రాబట్టుకోలేమని వాళ్లకు తెలుసు. వాళ్లు వద్దన్న రిస్కును మీరు మీ పిల్లలు ఉంటున్న ఇంటి మీదకు తెస్తున్నారు. ఇంటి మీద అప్పు సులువుగా దొరికిందంటే పడవ మంచిదని కాదు, ఇల్లు మంచిదని. ఆ సంస్థ తలుపు వేసినప్పుడే మీరు ఆగాల్సింది. తెరచాప కోసం ఇల్లు తాకట్టు పెట్టడాన్ని నేను ఏ వడ్డీ దగ్గరా ఒప్పుకోను, 11 కాదు, 6 అయినా.

సర్వే వదిలేస్తే ధర తగ్గిస్తామన్న మాట విన్నాక నాకు ఆ పడవ మీద ఇంకా భయం పెరిగింది. పాత రిపోర్టు మీ కోసం రాసింది కాదు. అందులో ఏదైనా తప్పితే ఆ సర్వేయరు మీకు జవాబుదారీ కాదు. పైగా ఉప్పునీటిలో నాలుగేళ్లు చిన్న విషయం కాదు. మంచి సర్వేయరు పడవను నీళ్లలోంచి ఎత్తించి చూస్తారు. డెక్ మీద మోకాళ్ల మీద కూర్చుని చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్తారు. గట్టిగా ఉన్నచోట టక్‌మని వస్తుంది. ఏ బోల్టు పక్కనుంచో నీళ్లు దిగి, ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క కుళ్లినచోట మొద్దుగా, పట్టులేని చప్పుడు వస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. మామూలు కంటికి ఏమీ తెలియదు. మాస్ట్‌ను, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు తీగలు కింద బిగింపులోకి దిగే చోట నీరు నిలిచి లోపల నుంచి తుప్పు పడుతుంది. అక్కడ ఒక్క పోగు తెగి కనిపించినా ఆ తీగ పని అయిపోయినట్టే. ఆ తీగలను ఎప్పుడు మార్చారని అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మామూలుగా పది పదిహేనేళ్లకు మార్చాలంటారు. 22 ఏళ్లూ మార్చకుండా ఉంటే, కొనగానే పడే మొదటి బిల్లు అదే.

కంపెనీ పడవైతే అదే మోడల్ వాడినవాళ్లు వందల మంది ఉంటారు. ఎక్కడ కారుతుంది, ఏ భాగం ముందు పాడవుతుంది, ఎంతకు అమ్ముడుపోతోంది, అన్నీ తెలుస్తాయి. మీ పడవకు ఆ తోడు లేదు. చుక్కాని బేరింగు పోయినా, కిటికీ అద్దం పగిలినా కొలతలు తీసి చేయించాల్సిందే. ఒరిజినల్ డ్రాయింగులు యజమాని దగ్గర లేకపోతే కొలతలు తీసే పనికి కూడా కూలి మీదే. మొదటి యజమాని తన ఎత్తుకు, తన అలవాట్లకు, తన ప్రయాణాలకు తగ్గట్టు కట్టించుకున్నారు. ఆయన పెట్టిన ఖర్చులో పెద్ద భాగం ఆయన ఇష్టానికి పెట్టింది. దానికి రెండో కొనుగోలుదారు డబ్బివ్వరు, అందుకే మీకు చవగ్గా వస్తోంది. రేపు మీ దగ్గర కొనేవారు కూడా అలాగే బేరమాడతారు. ఐదారేళ్లకు నష్టం లేకుండా అమ్ముతానన్న మీ లెక్కకు ఆధారం నాకు కనిపించలేదు.

అద్దెకివ్వడం గురించి. సొంతానికి వాడుకునే పడవకు తీసుకున్న బీమా మామూలుగా అద్దె ప్రయాణాలకు వర్తించదు. డబ్బు తీసుకుని ఒకరిని ఎక్కించుకున్న రోజు ప్రమాదం జరిగితే క్లెయిము తిరస్కరిస్తారు. వాణిజ్యంగా నడపాలంటే వేరే అనుమతులు, వేరే తనిఖీలు, వేరే పాలసీ, వేరే ప్రీమియం. ఆ ఖర్చులన్నీ పోగా ఈఎంఐకి ఏం మిగులుతుందో మీరు లెక్క వేయలేదు. వాతావరణం బాగోని నెలల్లో అద్దె ఉండదు, ఈఎంఐ ఉంటుంది.

అసలు బీమా సంస్థ ఈ పడవను తీసుకుంటుందో లేదో కొనకముందే కనుక్కోవాలి. ఈ వయసు పడవకు కొత్త సర్వే రిపోర్టు లేకుండా పాలసీ దొరకడం కష్టం. రిపోర్టులో సరిచేయమన్నవి సరిచేయకపోతే ఆ తర్వాత క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది. తుప్పు, అరుగుదల, కుళ్లు మామూలుగా పాలసీలో రావు. అవన్నీ మీ జేబులోంచే, అంటే మీరు ఖాళీ చేయబోతున్న ఆ నిధిలోంచే. మీ పడవ లంగరు తెంచుకుని ఇంకొకరి పడవకు గుద్దుకుంటే కట్టాల్సిన పరిహారం, మునిగిపోతే దాన్ని నీళ్లలోంచి తీయించే ఖర్చు పాలసీలో ఉండి తీరాలి. మునిగిన పడవను వదిలేసి వచ్చేయడం కుదరదు, తీయించే బాధ్యత యజమానిదే. ఆ బిల్లు పడవ ధరను మించిపోవచ్చు.

మీ పేరు మీద టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఎంతుందో రాయలేదు. కనీసం ఇంటి రుణం మొత్తం, దాని మీద కుటుంబానికి పదేళ్ల ఖర్చులకు తగ్గకుండా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. పడవ కొన్నా కొనకపోయినా ఇది చేయాలి.

సముద్రం మీద మీ ఇష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కొన్నేళ్లుగా తెరచాపలు లాగుతున్నవారికి సొంత పడవ కావాలనిపించడం సహజం. ఒక పని చేయండి. పడవ కొనేశారనే అనుకుని వచ్చే నెల నుంచి 15.4, 11.7 కలిపి 27 వేరే ఖాతాలో వేయండి. మీ మిగులు 25 మాత్రమే కాబట్టి ఇంట్లో ఏదో ఒక ఖర్చు తగ్గించాలి. ఏది తగ్గించాలో మీ ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ఏడాది పాటు తప్పకుండా వేయగలిగితే చేతిలో 324 ఉంటుంది, అత్యవసర నిధి 600 అలాగే ఉంటుంది. ఆ డబ్బుకు మరికొన్ని నెలలు కలిపితే, అప్పు లేకుండా చిన్న సైజు కంపెనీ పడవను కొని, మొదటి ఏడాది రిపేర్లకు కూడా కొంత అట్టిపెట్టుకోవచ్చు. నాలుగో నెలకే ఆగిపోతే, అదే నాలుగో నెలలో మీ ఈఎంఐ కూడా ఆగి ఉండేదన్నమాట. ఇద్దరు ముగ్గురు స్నేహితులతో వాటాగా కొనడం, క్లబ్బు సభ్యత్వం, కావలసినప్పుడు అద్దెకు తీసుకోవడం కూడా ఉన్నాయి. వాటాగా కొంటే ఒప్పందం రాసుకోండి.

చివరిగా అడ్వాన్సు. ఈ వారం ఒక్క పైసా ఇవ్వకండి. ఇన్ని చెప్పాక కూడా ఆ పడవే కావాలనిపిస్తే, అప్పు లేకుండా, నిధి ముట్టుకోకుండా కొనే స్తోమత వచ్చాకే బేరానికి వెళ్లండి. అప్పుడు కూడా మీరు ఎంచుకున్న సర్వేయరు రిపోర్టు, సముద్రంలో నడిపి చూడటం, బీమా సంస్థ రాతపూర్వక అంగీకారం, ఈ మూడూ నచ్చకపోతే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి అన్న షరతు కాగితం మీద ఉండాలి. డబ్బు మధ్యవర్తి ఖాతాలో ఉండాలి, అమ్మే ఆయన ఖాతాలో కాదు. పడవ మీద పాత బాకీలు ఉన్నాయేమో రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనూ, అది నిలిపి ఉన్నచోటా, చివరిసారి రిపేరు చేసిన యార్డులోనూ అడగండి. కొన్ని రకాల బాకీలు యజమాని మారినా పడవను వదలవు, కొన్నవారి మెడకు చుట్టుకుంటాయి. ఇవన్నీ అడిగితే అమ్మే ఆయన తొందరపెట్టినా, ఇంకొకరు కొనేస్తున్నారని చెప్పినా, కొననివ్వండి.