బకెట్ టమాటాకు వైరస్ రాలేదు, మీరు పోసే నీళ్లు మార్చండి

ప్రశ్న: డాబా మీద 20 లీటర్ల పెయింటు బకెట్లలో టమాటా, నాలుగు వంగ మొక్కలు వేశాం. మట్టి మా పొలం నుంచి తెచ్చిందే. టమాటా కింది ఆకులు అంచులు మాడి ముడుచుకుంటున్నాయి, కాయ అడుగున నల్లటి మచ్చ గుంటలా పడుతోంది. మందుల షాపులో చూపిస్తే ఆకుముడత వైరస్, కాయకుళ్లు అని మూడు మందులిచ్చారు. వారానికి రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఆర్వో మెషిన్ వేస్టు నీళ్లు వృథా కాకుండా వీటికే పోస్తున్నాం. వంగ కొమ్మల చివర్లు కూడా వాలిపోతున్నాయి. ఇంకేం మందు కొట్టాలి?
– ఒక గృహిణి, భీమవరం

జవాబు: ఇంకే మందూ కొట్టొద్దమ్మా. మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. బకెట్ అంచు చుట్టూ, మట్టి పైన సున్నం చల్లినట్టు తెల్లటి పొర కట్టింది చూశారా, అది ఉప్పు. అసలు జబ్బు అక్కడుంది.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటను మీరు మంచి అలవాటు కింద చెప్పుకున్నారు. ఆర్వో మెషిన్ నీళ్లలోని ఉప్పును మాయం చేయదు, మీ గ్లాసులోంచి తీసి వేస్టు పైపులోకి పంపుతుంది. పోసిన నీళ్లలో సగం తాగడానికి వస్తే, మిగతా సగంలో ఉప్పు దాదాపు రెట్టింపు అవుతుంది. భీమవరం చుట్టుపక్కల బోరు నీళ్లు చాలాచోట్ల ముందే ఉప్పన, పైగా చేపల, రొయ్యల చెరువుల ప్రభావం. అలాంటి నీళ్లు చిల్లులు సరిగా లేని బకెట్లో, అదీ డెల్టా నల్లమట్టిలో రోజూ పోస్తే, నీరు ఆవిరై ఉప్పు మాత్రం అక్కడే పేరుకుంటుంది. ఆకు అంచు మాడేది అందుకే. ఉప్పు ఎక్కువైతే వేరు కాల్షియం సరిగా తీసుకోలేదు, కాయ అడుగు నల్లబడుతుంది. అది తెగులు కాదు, శిలీంధ్రం మందు డబ్బాలు గుమ్మరించినా పోదు.

ఆకుముడత వైరస్ అయితే పైన కొత్త ఆకులు చిన్నవై, పసుపెక్కి, గుబురుగా ముడుచుకుని మొక్క గిడసబారుతుంది. మీ టమాటా మొక్కల చివర్లు పచ్చగా, శుభ్రంగా ఉన్నాయి. ఒకవేళ నిజంగా వైరస్సే అయినా దానికి పిచికారీ మందు లేదు. దాన్ని మోసుకొచ్చే తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు కట్టుకోవాలి, వచ్చిన మొక్కను పీకేయాలి, అంతే. షాపులో మీకది ఎందుకు చెప్పలేదో మీరే ఊహించుకోండి. ఎకరాల లెక్కన పొలానికి అమ్మే ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిపిన పురుగుమందును డాబా మీద బకెట్లకు, పిల్లలు తిరిగే చోట, కూరలోకి కోసే కాయల మీద వారానికి రెండుసార్లు! డబ్బా మీద త్రిభుజం ఏ రంగో చూశారా? ఎరుపు తర్వాత ఎక్కువ విషం పసుపే. ఇప్పుడు మొక్కల మీదున్న కాయలన్నీ, బాగున్నవి కూడా, కోసి పారేయండి, పశువులకు వేయకండి. మిగిలిన మందు ఇంట్లో ఉంచకండి, డ్రైనేజీలో పోయకండి, షాపుకే తిరిగిచ్చేయండి.

ఇక చేయాల్సింది. ఆర్వో నీళ్లు ఈరోజే ఆపండి, బాత్రూము కడగడానికి వాడుకోండి. మొక్కలకు మునిసిపల్ కుళాయి నీళ్లో, కాలువ నీళ్లో పోయండి. బకెట్ అడుగున వేలు పట్టేంత చిల్లులు ఐదు పెట్టి, రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, నేల మీద కూర్చోబెడితే చిల్లు ఉన్నా లేనట్టే. తర్వాత ఒక్కో బకెట్‌కు 30 నుంచి 40 లీటర్ల మంచి నీళ్లు ఒకేసారి కాకుండా నాలుగైదు దఫాలుగా, ముందు పోసింది కిందికి దిగాకే మళ్లీ పోస్తూ ఉప్పు కడగాలి. రెండు రోజులాగి పై మట్టి గుల్ల చేసి రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు వేయండి, కడిగినప్పుడు బలం కూడా కొంత పోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి సాయంత్రం పూట, పది రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. దాంట్లో ఇంకేమీ కలపొద్దు. రోజూ ఉదయం ఒకే కొలతలో, మొక్కకు లీటరున్నర దాకా నీళ్లివ్వండి, ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచేస్తే మళ్లీ కాయ అడుగు నల్లబడుతుంది. మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచండి.

ఇంకో పని, ఇది మాత్రం మరవకండి, మీది బోరు నీళ్లయితే, బోరు పది నిమిషాలు నడిచాక అరలీటరు సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపి, మీ దగ్గర్లోని ఉండి ఊరి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి పరీక్ష ఎక్కడ చేయించాలో అడగండి. టీడీఎస్, అంటే లీటరు నీటిలో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే లెక్క, 500 లోపుంటే బెంగ లేదు, 1000 దాటితే టమాటాకు పోయకండి. మట్టి, నీళ్లు పరీక్ష చేయించకుండా మందు కొనేవాళ్లే నాకు రోజూ ఉత్తరాలు రాస్తున్నారు.

వచ్చే పంటకు ఆ నల్లమట్టి వద్దు. ఎర్ర గరప మట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, బకెట్‌కు 100 గ్రాముల వేపపిండి. కోనసీమ నుంచి వచ్చే కొబ్బరి పొట్టులోనూ ఉప్పుంటుంది, మంచి నీళ్లలో మూడుసార్లు నానబెట్టి పిండాకే కలపండి. ఎండలు 35 డిగ్రీలు దాటాక టమాటా పూత నిలవదు కాబట్టి ఇప్పుడు కొత్తగా నాటకండి, నవంబరులో నాటుకోండి. ఈలోగా గోరుచిక్కుడు వేయండి, అది ఉప్పును బాగానే తట్టుకుంటుంది.

వంగ సంగతి వేరు. అది కొమ్మ, కాయతొలుచు పురుగు. వాలిన చోటికి అంగుళం కిందికి తుంచి, చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు పురుగు కనబడుతుంది, తుంచినవన్నీ సబ్బునీళ్ల బకెట్లో వేసి ముంచేయండి. నాలుగు మొక్కలే కదా, రెండు రోజులకోసారి చూసుకోండి. డబ్బా మీద 1500 పీపీఎం (మందు గాఢత) అని రాసున్న వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు కలిపి వారానికోసారి సాయంత్రం కొట్టండి.